కీట్స్ వైద్య శిష్యరికం – కవితాదృష్టి

భావకవిత్వ చర్చల్లో జాన్ కీట్స్ (1795–1821) ప్రధానంగా సౌందర్యారాధకుడిగానే ప్రస్తావనకు వస్తాడు. అతని వైద్యశిక్షణ కూడా పరిశీలించదగినదే. 1804లో తండ్రిని, 1810లో తల్లిని కోల్పోయిన ఈ అనాథ ఎడ్మంటన్‌లో శస్త్రవైద్యుడు థామస్ హామండ్ వద్ద శిష్యుడిగా చేరాడు. ఔషధవైద్యులకు శిష్యరికాన్ని, పరీక్షను ఇంగ్లండులో తప్పనిసరి చేసిన చట్టం 1815లో వచ్చింది. ఆ ఏడాదే గైస్ ఆసుపత్రిలో ప్రవేశించి, 1816లో ఉత్తీర్ణుడైన కీట్స్ అనతికాలంలోనే వృత్తిని విడిచాడు. విద్య మాత్రం అతణ్ణి విడువలేదు. ‘ది ఫాల్ ఆఫ్ హైపీరియన్’లో కవిని మానవాళికి వైద్యుడిగా సంభావించాడు. క్షయగ్రస్తులైన తల్లికి, తమ్ముడికి పరిచర్య చేసిన అతడు, 1820లో తన నోటినుండి పడిన నెత్తురు రంగును బట్టి అది ధమనీరక్తమనీ, మృత్యుసూచకమనీ తానే నిర్ధారించుకున్నాడు. కనుక ఆ శిష్యరికాన్ని కవిజీవితంలో వ్యర్థకాలంగా కాక, బాధను సూటిగా చూడగల దృష్టికి ఒక మూలంగా పరిగణించడం సముచితం.