నేల కింది దేవుడు, గంగాళం మీది పేరు

శివరాత్రి దగ్గరపడితే మా ఊరి మీదుగా బండ్ల రద్దీ మొదలవుతుంది. పోతంశెట్టిపల్లి కాడ మలుపు తిరిగి జనమంతా ఏడుపాయల వనదుర్గమ్మ జాతరకు పోతుంటారు. అట్లాంటి ఒక పొద్దున హోటల్ ముందు బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లవాడు వచ్చి ఫోన్ నా కళ్ల ముందు పెట్టాడు. మా ఊరి పార్శ్వనాథుడి ఫోటో. కింద ఎర్రటి అక్షరాల్లో నాలుగు ముక్కలు. తురుష్క సైన్యం వస్తుంటే భయపడి మన పూర్వీకులు ఈ విగ్రహాన్ని భూమిలో దాచారట. ఇప్పుడు హిందువులంతా ఒక్కటి కాకపోతే మిగతా గుళ్లకూ అదే గతి పడుతుందట. చివర ఒక పార్టీ గుర్తు.

"మనూరి ముచ్చటే గద సార్. నిజమేనా గిది?"

సగం తాగిన గ్లాసు కింద పెట్టాను. అవునందామంటే ఆధారం లేదు, కాదందామన్నా లేదు.

కాగితాల్లో కొల్చారమనీ కుల్చారమనీ రెండు రకాలుగా కనిపించే మా ఊరికి పేరు తెచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు ఈ పార్శ్వనాథుడు, జైనుల ఇరవైమూడో తీర్థంకరుడు. 1980ల్లో మట్టి తవ్వుతుంటే బయటపడ్డాడు. నల్లరాయి, నిలువు విగ్రహం, తల మీద పాముపడగ. ముఖం చూడాలంటే మెడ పైకెత్తాలి. ఒంటి మీద నూలుపోగు లేదు, నగ లేదు, చేతిలో ఆయుధం లేదు. దిగంబర జైనులు గుడి కట్టుకుని విఘ్నహర పార్శ్వనాథుడని కొలుస్తున్నారు. వచ్చే భక్తులు ఎక్కువగా హైదరాబాద్ నుంచి, మహారాష్ట్ర, కర్ణాటకల వైపు నుంచి. వాళ్ల ఓట్లు ఇక్కడ లేవు. అందుకేనేమో ఈ దేవుణ్ణి ఇన్నాళ్లూ ఏ పార్టీ పట్టించుకోలేదు.

రెండోవారు మల్లినాథసూరి. ఆయన ఇంటిపేరు కోలాచల మా ఊరి పేరేనని పండితుల మాట. 14, 15 శతాబ్దాల మనిషి. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష అని వ్యాఖ్యానాలు రాశాడు. సంస్కృతం చదివే పిల్లలు దేశంలో ఏ మూలనున్నా ఆయన వేలు పట్టుకునే కావ్యంలోకి దిగుతారు. ఆయన తనకు తాను ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు: మూలంలో ఆధారం లేని మాట రాయడు, అవసరం లేని మాట చెప్పడు. నలభై ఏళ్లు పంతులుగా పనిచేసినవాణ్ణి, ఆ కట్టుబాటు నావల్ల ఎప్పుడూ పూర్తిగా కాలేదు. ఫోన్‌లోని నాలుగు ముక్కలను మాత్రం దాని ముందు నిలబెట్టి చూడాలనిపించింది.

తుర్కుల సైన్యాలు గుళ్లు కూల్చలేదని ఎవరూ అనలేరు. 1323లో తుగ్లక్ సేన ఓరుగల్లు పట్టుకున్నాక స్వయంభూ దేవుడి గుడి ఏమైందో కోటలోకి పోయి చూస్తే తెలుస్తుంది. నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉంటాయి, నడుమ గుడి ఉండదు, రాళ్లుంటాయి. కానీ తెలుగు, కన్నడ దేశాల్లో జైనులకు అంతకుముందే గడ్డురోజులు వచ్చాయి. రాష్ట్రకూటుల కాలంలో, వేములవాడ చాళుక్యుల కాలంలో వాళ్లకు రాజుల అండ ఉండేది. వేములవాడలో సోమదేవసూరి కోసం జినాలయమే కట్టించారు. పన్నెండో శతాబ్దం వచ్చేసరికి గాలి మళ్లింది. కర్ణాటకలోని అబ్బలూరులో ఏకాంతద రామయ్య అనే శైవుడు జైనులతో పందెం కాసి, తల నరుక్కుని మళ్లీ బతికి, జైన గుడిని ధ్వంసం చేశాడని అక్కడి శాసనమే చెబుతుంది. రాజు బిజ్జలుడు ఆయనకు జయపత్రం ఇచ్చాడని కూడా ఉంది. మన పాల్కురికి సోమనాథుడి బసవపురాణం నిండా శైవులు జైనులను ఓడించిన కథలే, అవి సిగ్గుపడుతూ చెప్పినవి కావు. శ్రీశైలంలో 1512 నాటి శాసనం ఒకటుంది. లింగ అనే వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికానని అందులో తన గొప్పల వరుసలో చెప్పుకున్నాడు. ఆ గొప్ప దేవుడి కోసమా, పెత్తనం కోసమా అన్నది నాకెప్పుడూ సందేహమే. రాయి చెక్కించినవాడు మాత్రం రెంటినీ ఒక్కటే అనుకున్నాడు.

మరి మా పార్శ్వనాథుణ్ణి ఎవరు పూడ్చారు? విగ్రహం తన కథ తాను చెప్పదు. అది చెప్పదు కాబట్టే ఎవరికి కావలసిన మాట వాళ్లు దాని నోట్లో పెట్టొచ్చు. చేతిలో ఆయుధం లేని దిగంబరుణ్ణి తీసుకొచ్చి ఎన్నికల్లో సైనికుణ్ణి చేసిన తెలివికి మాత్రం మెచ్చుకోవాలి.

మా తాత కాలంలో ఇదే పని ఇంకోవైపు నుంచి జరిగింది. 1927లో మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పుట్టింది. నైజాం గద్దె మీద ఉన్నది ఒక్క నవాబు కాదు, రాజ్యాధికారంలో ప్రతి ముస్లింకూ వాటా ఉందన్న మాటను బహదూర్ యార్ జంగ్ కాలంలో ఊరూరా చెప్పారు. గుడిసెలో కూలి చేసుకునే సాయబుకు అది ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో! 1946లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి పగ్గాలు వచ్చేసరికి ఆ తీపి రజాకార్ల లాఠీ అయింది, తుపాకీ అయింది. అటు ఆర్యసమాజం కూడా శుద్ధి ఉద్యమాలతో ఊళ్లలో తిరిగింది, 1938–39లో సత్యాగ్రహం చేసింది. 1948 ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లా భైరాన్‌పల్లిలో రజాకార్లు దాదాపు వందమందిని చంపేశారు. దానికి కొద్దిరోజుల ముందే రజాకార్లను ఎదిరించి రాసినందుకు ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో నరికేశారు. ఆయనా ముస్లిమే. విసునూరు దేశ్‌ముఖ్ హిందువు, రజాకార్లతో చేయి కలపడానికి అతనికి మతం అడ్డం రాలేదు. భూమి కాపాడుకోవడమే అతని మతం.

2024 మార్చిలో, పార్లమెంటు ఎన్నికల ముందు, రజాకార్ సినిమా వచ్చింది. తీసింది బీజేపీ నాయకుడే. మా పిల్లలు మెదక్ పోయి చూసొచ్చి రెండు రోజులు కోపంగా తిరిగారు. భైరాన్‌పల్లి నెత్తురు అబద్ధం కాదు, ఆ కోపం రావడం తప్పూ కాదు. అయితే ఈ జిల్లా కథ 1948 సెప్టెంబర్ 17తో ఆగలేదు. పోలీస్ యాక్షన్‌కు నిజాం లొంగిపోయాక ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. నవంబర్, డిసెంబర్ నెలల్లో వాళ్లు పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని రాశారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ నాలుగు జిల్లాల్లో కలిపి కనీసం 5 వేలు. చచ్చినవాళ్లలో రజాకారుకూ దూదేకులవానికీ తేడా చూడలేదు. ఆ నివేదిక అరవై ఏళ్లకు పైగా బీరువాలోనే ఉంది.

మా ఇంట్లో ఒక ఇత్తడి గంగాళం ఉంది. పోలీస్ యాక్షన్ నాటి రాత్రి వెనక వాడకట్టులోని సాయబుల కుటుంబం ఎడ్లబండి ఎక్కుతూ మా నాయనమ్మ చేతిలో పెట్టి పోయిందట. "అమానతు, మళ్లొచ్చి తీసుకుంటం" అన్నారట. రాలేదు. ఇరవై ఏళ్లు అటక మీద బోర్లించి ఉంచింది నాయనమ్మ. తర్వాత మా పెద్దక్క పెళ్లికి తీయక తప్పలేదు, అంత పెద్ద గిన్నె ఊళ్లో ఇంకొకటి లేదు. కళాయి వేయించడానికి ఇచ్చిన రోజు ఆమె అన్నం తినలేదు. అంచు మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన ఉర్దూ అక్షరాలున్నాయి, ఎవరిదో పేరు.

ఎన్నికల మాటకొస్తే, మా మెదక్‌ది చిత్రమైన దారి. 1980లో ఇందిరాగాంధీని గెలిపించింది. 1999లో బీజేపీ నుంచి ఆలె నరేంద్రను పంపింది, 2004లో అదే నరేంద్రను టీఆర్‌ఎస్ నుంచి మళ్లీ పంపింది. మొదటిసారి కాషాయం, రెండోసారి గులాబీ, మనిషి ఒక్కడే. 2024లో బీజేపీ రఘునందన్‌రావు 39 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. అవన్నీ మతం ఓట్లంటే మా ఊరికే అన్యాయం చేసినట్టు. టీఆర్‌ఎస్ పదేళ్ల పాలన మీద విసుగు ఉంది, పంట డబ్బుల బాధ ఉంది, మోదీ మీద నమ్మకమూ ఉంది. కానీ ఆ ఓట్లను ఎండకుండా తడిగా ఉంచేది ఫోన్లోని ఎర్ర అక్షరాలే. వాటికి అవతలివాళ్ల సాయం కూడా కావాలి. 2012లో నిర్మల్ సభలో మజ్లిస్ నాయకుడు అక్బరుద్దీన్ ఒవైసీ మాట్లాడిన మాటల కేసును 2022లో కోర్టు కొట్టేసింది. ఆ వీడియోను మాత్రం మా వాట్సాప్ గ్రూపులు ఇంకా కొట్టెయ్యలేదు. అదే 2022లో ప్రవక్త మీద మాటలకు బీజేపీ ఎమ్మెల్యే రాజాసింగ్ అరెస్టయ్యారు, పార్టీ సస్పెండ్ చేసింది, 2023 ఎన్నికల ముందు ఎత్తేసి టికెట్ ఇచ్చింది.

ఆ 2024లోనే, బక్రీదుకు రెండు రోజుల ముందు జూన్ 15న, మెదక్ రాందాస్ చౌరస్తాలో పశువుల తరలింపు మీద గొడవ లేచింది. దెబ్బలు తగిలాయి, దుకాణాలు మూశారు, 144 సెక్షన్ పెట్టారు. మా ఊరి నుంచి ఆస్పత్రికి పోవాల్సినవాళ్లు సగం దారిలో తిరిగొచ్చారు. నాకు ఆరోజు ఒకటే గుర్తొచ్చింది. అంగడిలో ముసలి ఎద్దును అమ్మేది ఎవరు? మా రైతే. మేత పెట్టలేక, ట్రాక్టరు వచ్చాక దానికి పని లేక, కళ్లనీళ్లు పెట్టుకునే అమ్ముతాడు. పగ్గం చేతులు మారేదాకా ఆ ఎద్దుకు మతం లేదు.

ఆ చౌరస్తాకు కొద్ది దూరంలోనే పోస్నెట్ దొర కట్టించిన చర్చి ఉంది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి తెరుచుకుంది, కరువు రోజుల్లో కూలీలకు పని దొరికింది. వందేళ్లయినా "గింజల కోసం మారినోళ్లు" అన్న ఎత్తిపొడుపు పోలేదు. ఆ గింజలు ఆనాడు ఇంకెవరైనా పెట్టారా అని మాత్రం ఎవరూ అడగరు.

పీర్ల పండుగ చెప్పకపోతే మా ఊరు మొత్తం చెప్పినట్టు కాదు. నా చిన్నప్పుడు పీర్లు లేస్తే ముందు డప్పు మాదిగలది, ఊదు సాయబులది, మలీద ముద్దలు అన్ని ఇళ్లవీ. మొక్కుకుని పీరు పట్టేవాళ్లలో మా కులం వాళ్లూ ఉండేవాళ్లు. ఇప్పుడు తగ్గింది. అటువైపు పెద్దలు ఇది మతంలో లేదంటున్నారు, ఇటువైపు పిల్లలు ఇది మనది కాదంటున్నారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ భలే కుదిరింది.

చాయ్ అయ్యాక ఆ పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోయాను. సోమనాథుడి గురించి, శ్రీశైలం శాసనం గురించి చెప్పాను. విన్నాడు. "గింత పొడుగు పెడితే గ్రూప్‌ల ఎవలు చదువుతరు సార్" అన్నాడు. మల్లినాథుడి కట్టుబాటులో రెండో సగం గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత గంగాళం చూపించాను. దాని కథ కూడా చెప్పాను, పొడుగు లేకుండా. అంచు మీద వేలు పెట్టి చుక్కలన్నీ తడిమాడు.

"ఏం పేరు సార్?"

మా నాయన ఉర్దూ మీడియం. ఆయన చదివేవాడు, నాకు చెప్పే ఉంటాడు. నేను గుర్తుపెట్టుకోలేదు. నాకు ఉర్దూ రాదన్నాను.

ఫోన్ తీసి అక్షరాలు సరిగ్గా కనబడేలా రెండు ఫోటోలు కొట్టాడు. "మసీదు కాడి తాతకు వస్తది సార్, పొద్దుమూకి పోయి అడుగుత" అని చెప్పులేసుకున్నాడు.