గాలి టైర్ల నుంచి స్ప్రింగుల దాకా: ఏటీవీ చరిత్ర

రోడ్డు లేని చోట కూడా నడిచే చిన్న మోటారు బండిని ఏటీవీ అంటారు. ‘ఆల్ టెరైన్ వెహికల్’ అనే పేరుకి అది పొట్టి రూపం. ఇసుక, బురద, మంచు, రాళ్లు, ఏ నేలైనా సరే అది వెళ్తుంది. బీచ్‌ల దగ్గర డబ్బులు తీసుకొని ఒక రౌండు తిప్పే లావు టైర్ల బండిని మనలో చాలామంది చూసే ఉంటాం. ఈ బండి మీద కూర్చున్నవాళ్ల నడుము విరగకుండా కాపాడేది సస్పెన్షన్. కానీ మొదటి ఏటీవీకి సస్పెన్షన్ లేనే లేదు. అది ఎలా వచ్చింది, వచ్చాక ఏం జరిగింది అనేదే ఈ వ్యాసం.

ముందుగా సస్పెన్షన్ అంటే ఏమిటో చూద్దాం. ఎద్దుల బండిలో ఇరుసు నేరుగా బండికే బిగించి ఉంటుంది. చక్రం గుంటలో పడితే మనమూ పడినట్టే. జట్కా బండికి కింద కమాను పట్టీలు ఉండేవి కాబట్టి కుదుపు కొంత తగ్గేది. అయితే స్ప్రింగు ఒక్కటే ఉంటే సరిపోదు. నొక్కి వదిలిన స్ప్రింగు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడుని ఆపడానికి పక్కన షాక్ అబ్జార్బర్ పెడతారు. దాని లోపల నూనె చిన్న చిన్న రంధ్రాల గుండా కష్టంగా పారుతుంది. అప్పుడు ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. సస్పెన్షన్ పని సుఖం ఇవ్వడం ఒక్కటే కాదు. టైరుని నేలకి అంటిపెట్టుకొని ఉండేలా చేయడం కూడా దాని పనే. నేలని వదిలేసిన టైరుకి బ్రేకూ పనిచేయదు, హ్యాండిలూ పనిచేయదు.

ఇక చరిత్రలోకి వద్దాం. 1960ల చివర అమెరికాలోని హోండా డీలర్లకి ఒక కష్టం ఉండేది. చలికాలంలో మంచు పడితే మోటారు సైకిళ్లు ఎవరూ కొనరు. ఆ నెలల్లో కూడా అమ్ముకోగలిగే బండి ఏదైనా కావాలని వాళ్లు కంపెనీని అడిగారు. ఆ పని జపాన్‌లో ఒసాము తకెయుచి అనే ఇంజనీరుకి వచ్చింది. ఆయన రకరకాల చక్రాల లెక్కలు ప్రయత్నించి చివరికి మూడు చక్రాలు ఖాయం చేశారు. ఇంజను శక్తి 7 హార్స్‌పవర్ మాత్రమే. అంత చిన్న ఇంజనుకి తేలికైన మూడు చక్రాల బండే తగినదని తేలింది. అలా 1970లో యూఎస్90 అనే బండి వచ్చింది. తర్వాత దాని పేరు ఏటీసీ90 అని మార్చారు. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో హీరో ఈ బండి నడుపుతాడు.

దీనికి స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. బెలూన్ లాంటి లావు టైర్లే సస్పెన్షన్ అన్నమాట. కారు టైరులో గాలి దాదాపు 30 పౌండ్ల ఒత్తిడితో ఉంటే, ఈ టైర్లలో రెండు మూడు పౌండ్లే. మెల్లగా వెళ్తే మెత్తగానే ఉండేది. వేగం పెంచితే మాత్రం బంతిలా ఎగిరేది, ఎందుకంటే ఆ ఊగుడుని ఆపేది ఏదీ లేదు.

జనం ఇంకా వేగం కావాలన్నారు. 1981లో హోండా 248 సీసీ ఇంజనుతో ఏటీసీ250ఆర్ తెచ్చింది. దానికి ముందూ వెనకా సస్పెన్షన్ ఉంది. ఇప్పుడు గుంటల మీద కూడా గట్టిగా పోనివ్వొచ్చు. కానీ అసలు చిక్కు అలాగే ఉండిపోయింది. ముందు ఒకే చక్రం ఉండడంతో మలుపులో బండి పక్కకి ఒరిగేది. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉండడం వల్ల రెండూ ఒకే వేగంతో తిరిగేవి. అందుకే నడిపేవాళ్లు ఒళ్లు సరిగ్గా వంచి, లోపలి చక్రం బరువు తగ్గించి తిప్పాలి. అది తెలియనివాళ్లు బోల్తా పడ్డారు. స్ప్రింగు కుదుపుని తగ్గించింది గానీ బోల్తాని ఆపలేదు.

1980లలో అమెరికాలో ఏటీవీ ప్రమాదాల్లో వందలమంది చనిపోయారు. వాళ్లలో 16 ఏళ్లలోపు పిల్లలు చాలామంది. అంటే మా క్లాసు వయసువాళ్లు. చివరికి అక్కడి ప్రభుత్వం కోర్టుకి వెళ్లింది. 1988లో కంపెనీలు కోర్టు ముందు ఒప్పందానికి వచ్చాయి. కొత్త మూడు చక్రాల ఏటీవీలు అమ్మడం ఆపాలి, కొన్నవాళ్లకి నడపడం నేర్పించాలి, 90 సీసీ పైబడిన బండ్లు 16 ఏళ్లలోపు వాళ్లకని అమ్మకూడదు అనేవి అందులోని షరతులు. ఆ ఒప్పందం పదేళ్లు నడిచింది.

ఈలోపు నాలుగు చక్రాల బండ్లు వచ్చేశాయి. 1982లో సుజుకి కంపెనీ క్వాడ్‌రన్నర్ మొదలుపెట్టింది. 1985లో సుజుకి ఎల్‌టీ250ఆర్, 1986లో హోండా టీఆర్‌ఎక్స్250ఆర్ వచ్చాయి. వీటిలో ముందు చక్రాలు దేనికది విడిగా పైకీ కిందికీ కదులుతాయి. వెనక మాత్రం రెండింటికీ కలిపి ఒకటే ఇరుసు. 1996లో అమెరికా కంపెనీ పొలారిస్ తన స్పోర్ట్స్‌మన్ 500లో వెనక చక్రాలకి కూడా విడివిడి సస్పెన్షన్ పెట్టింది. ఒక చక్రం రాయి ఎక్కినా రెండోది నేల మీదే ఉంటుంది.

ఇప్పుడు చాలామంది కొన్న బండికి ఇంకా మంచి షాక్ అబ్జార్బర్లు వేయిస్తున్నారు, పొడవైన చేతులు బిగిస్తున్నారు, ఎత్తు పెంచుతున్నారు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. చక్రాల మధ్య వెడల్పు పెంచితే బండి నిలకడ పెరుగుతుంది. ఎత్తు మాత్రమే పెంచితే గరిమనాభి పైకి పోయి బోల్తా పడడం సులువవుతుంది. తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌లో చదివిన పాఠమే ఇది. మార్చేవాళ్లు స్ప్రింగుని కూడా నడిపేవాళ్ల బరువుకి తగ్గట్టు ఎంచుకోవాలి. మరీ గట్టిదైతే టైరు ఎగురుతుంది, మరీ మెత్తనిదైతే బండి కింద తగులుతుంది.

మన దేశంలో కూడా ఈ విద్య నేర్చుకునే చోటు ఉంది. ‘బాహా’ అనే పోటీలో ఇంజనీరింగ్ విద్యార్థులు తామే ఏటీవీ తయారుచేసి నడుపుతారు. అమెరికాలో ఇది 1976లో మొదలైంది, మన దేశంలో 2007లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో మొదలైంది. అందరికీ ఒకే రకం ఇంజను ఇచ్చే పోటీ కాబట్టి గెలుపు ఎక్కువగా బండి బరువు మీద, సస్పెన్షన్ మీద ఆధారపడుతుంది. మన అక్కలు, అన్నలు చదివే కాలేజీల నుంచి కూడా జట్లు వెళ్తుంటాయి.

ఈ చరిత్ర చదివితే నాకు ఒకటి అర్థమైంది. కుదుపు అనేది బండి మనకి చేసే హెచ్చరిక కూడా. మంచి సస్పెన్షన్ వచ్చాక ఆ హెచ్చరిక వినిపించదు, వేగం ఎంతుందో ఒంటికి తెలియదు. కాబట్టి స్ప్రింగు మార్చినవాళ్లు హెల్మెట్టు కూడా పెట్టుకోవాలి, నడపడం కూడా నేర్చుకోవాలి. 1988 దాకా ఆగి నేర్చుకున్న పాఠాన్ని మళ్లీ అంత ఖరీదు పెట్టి మనం నేర్చుకోనక్కర్లేదు.