కోనసముద్రపు ఉక్కు

డమాస్కసు కరవాలముల కీర్తి మనము వినియే యున్నాము. వానిపై నీటి అలలవంటి చారలుండెడివి. అట్టి కత్తులకు వలయు ఉక్కు ముద్దలకై పారసీక వర్తకులు నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకు వచ్చెడివారు. 1820 ప్రాంతమున హెన్రీ వాయిసీ ఆ గ్రామమును దర్శించి, అచటి కొలుములను వర్ణించెను.

ఇనుమును మట్టి మూసలో నుంచి, మూతి మెత్తి, గంటల తరబడి కాచి, పిమ్మట మెల్లగా చల్లార్చెడివారు. దక్షిణదేశమున కొన్నిచోట్ల మూసలో తంగేడు పుల్లలను గూడ వేయుట కలదు. గుట్టంతయు బొగ్గుపాలులో నున్నది. నూటికి ఒకటిన్నర పాలు బొగ్గు చేరినచో, కొంత ఇనుముతో గూడి సిమెంటైటు అను మిక్కిలి కఠినమైన పదార్థమగును. అది పెళుసు. లోహము నడుమ చిన్న కణములై అది వరుసలు దీరుటచేతనే ఆ చారలేర్పడినవి.

ఐరోపా కమ్మరులు దీనిని తెల్లగా కాగువఱకు వేడిచేసి కొట్టగా చిట్లిపోయెడిది. ఎఱ్ఱని వేడిమియందే సాగగొట్టవలెనని మన కమ్మరి కెఱుక! 1795లో పియర్సను లండను రాయల్ సొసైటీకి దీనిపై వ్యాసమును సమర్పించెను. అందలి ‘వూట్జు’ అను పేరు ‘ఉక్కు’ నుండి పుట్టినదని పలువురి తలంపు. కమ్మరి కుమారుడైన ఫారడే సైతము 1819లో దీనిని పరీక్షించి, ఈ గుణములకు అల్యూమినా, సిలికాలు కారణమని పొరబడెను. ముడిఖనిజమందలి వెనేడియము వంటి లోహముల లేశములే కణములను వరుసదీర్చునని 1998లో వెర్హోవెను ప్రభృతులు చూపిరి.

అప్పటికి ఆ కొలుములు చల్లారి శతాబ్దము దాటినది. 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామములు దిరిగి పగిలిన మూసలను, ఇనుప చిట్టెమును ఏరుకొనిరి.