టిక్కెట్టు ఆదుకొన్న మేడ

బుకింగు కిటికీ వెనుక కూర్చొని టిక్కెట్లు ఇచ్చే గుమస్తాను నేను. ప్రయాణాలు ఊరివారివి, కిటికీ నాది. న్యూయార్కు నగరం నేను చూచి ఎరుగను. కాని అక్కడి ఎంపైర్ స్టేట్ భవనం చరిత్ర చదివినప్పుడు టిక్కెట్టు గుమస్తాకు ముచ్చట గొలిపే సంగతి ఒకటి కనబడింది. ఈ ఉగాదినాడు దానిని మన కుటుంబాలవారికి మనవి చేస్తున్నాను.

1930 మార్చి 17న నిర్మాణం ఆరంభమై, 1931 మే 1న ఆ భవనానికి ప్రారంభోత్సవం జరిగింది. వాషింగ్టనులో అధ్యక్షుడు హూవరు మీట నొక్కగా ఇక్కడ దీపాలు వెలిగాయి. అంతస్తులు 102, ఎత్తు 1,250 అడుగులు. ఆనాటికి ప్రపంచంలో దానిని మించిన భవనం లేదు. పని ముమ్మరంగా సాగిన రోజులలో 3,000 మందికి పైగా పనివారుండేవారు. వారిలో పలువురు ఐర్లండు, ఇటలీ మొదలైన దేశాలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. ఉక్కు దూలాలమీద నడిచి పనిచేసిన వారిలో మోహాక్ అనే ఆదివాసులు కూడ ఉన్నారు. లూయీ హైన్ అనే ఛాయాచిత్రకారుడు పనివారి బొమ్మలు తీశాడు. ముఖాలు మిగిలాయి, పేర్లు చాలవరకు మిగలలేదు.

మేడ లేచింది గాని కాలం కలిసిరాలేదు. 1929 లో మొదలైన ఆర్థిక మాంద్యంవల్ల గదులు అద్దెకు పోలేదు. "ఎంపైర్" కాదు, "ఎంప్టీ" అని జనం ఎగతాళి చేశారు. శిఖరాన గాలి ఓడలను కట్టివేయాలన్న ఆలోచన పైగాలుల ధాటికి సాగలేదు. అప్పుడు ఆదుకొన్నది 86వ అంతస్తులోని చూపరుల వసారా. మనిషికి ఒక డాలరు టిక్కెట్టు. మొదటి సంవత్సరం ఆ రాబడి గదుల అద్దెకు దీటుగా వచ్చిందంటారు. ధనవంతులు తలపెట్టిన మేడకు సామాన్యుని డాలరు ఊతమయింది!

1945 జూలై 28న పొగమంచులో సైనిక విమానమొకటి 79వ అంతస్తు ప్రాంతంలో ఢీకొని 14 మంది మరణించారు. అయినా సోమవారానికి భవనంలో చాలభాగం తిరిగి తెరిచారు. 1970 లో అంతకన్న ఎత్తయిన భవనం అదే నగరంలో లేచింది. అయినప్పటికీ చూపరులు నేటికీ ఎక్కుతూనే ఉన్నారు.

ఆకాశం నిర్మలంగా ఉన్ననాడు ఆ వసారానుండి ఓడరేవులోని ఎల్లిస్ ద్వీపం కనబడుతుంది. 1892 మొదలు 1954 వరకు లక్షలాది వలసవారు దిగిన గడప అది. మేడ కట్టినవారిలో ఎందరి పెద్దలు అక్కడ దిగారో!

మా తాతగారు గ్యాంగుకూలీగా ఈ ఖుర్దారోడ్డుకు వచ్చారు. ఆయన వేసిన పట్టాలమీద ఆయన పేరు లేదు. మొన్న సెలవునాడు మా అబ్బాయిని స్టేషను పైవంతెన ఎక్కించి, ఆ పట్టాలు చూపి, తాతగారి పేరు రెండుసార్లు చెప్పించాను. మనకున్న వసారా అదే. పండుగకు ఇంట పెద్దలున్నవారు వారి పేర్లూ, వచ్చిన ఊళ్ళూ, చేసిన పనులూ అడిగి ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలసిందిగా నా ప్రార్థన.