చూపు లేని దొర, చూసిపెట్టిన పాలేరు

తేనెటీగల సంసారం గురించి లోకానికి మొదట సరిగ్గా చెప్పినవాళ్లలో ఒకాయనకి కళ్లు కనపడవంటే నమ్ముతారా? నేనూ మొదట నమ్మలేదు.

ఆయన పేరు ఫ్రాన్స్వా హ్యూబర్. 1750లో, ఇప్పటి స్విట్జర్లాండ్‌లో ఉన్న జెనీవాలో పుట్టాడు. పదిహేనేళ్లప్పుడే చూపు మందగించి, తర్వాత పూర్తిగా పోయింది. ఆయన దగ్గర బర్నెన్స్ అనే పల్లెటూరి మనిషి పనికి ఉండేవాడు. పెద్ద చదువు లేదు గానీ ఓపిక మాత్రం కొండంత. దొర ప్రశ్న వేసేవాడు, పాలేరు చూసి చెప్పేవాడు.

ఇద్దరూ కలిసి పుస్తకం పేజీల్లా తెరుచుకునే చెక్కపెట్టె చేశారు. పేజీకో తేనెపట్టు. తిప్పితే లోపల జరిగేదంతా కనపడేది.

రాణీగ గుడ్లు ఎట్లా ఫలిస్తాయో అప్పటికి చాలామందికి తెలీదు. పోతుటీగల వాసన తగిలితే చాలని కొందరు పండితులు అనేవాళ్లు. వీళ్లు రాణిని పోతుటీగలతో పాటు పెట్టెలోనే మూసి చూశారు, ఫలించలేదు. బయటికి వదిలితే ఎగిరిపోయి, జతకట్టి తిరిగొచ్చింది. రెండు రోజులకి గుడ్లు మొదలు. అంటే దాని పెళ్లి ఆకాశంలోనే! ఆ బీజాన్నే కడుపులో దాచుకుని ఏళ్ల తరబడి గుడ్లు పెడుతుంది.

ఇంకో వింత. రాణి లేని పెట్టెలో కూడా గుడ్లు కనపడ్డాయి. ఎవరు పెడుతున్నారు? చిన్న రాణి ఏదైనా దాక్కుందేమోనని బర్నెన్స్ రెండు పెట్టెల్లోని ఈగల్ని ఒక్కొక్కటే చేత్తో పట్టి చూశాడు. పదకొండు రోజులు పట్టింది. రాణి దొరకలేదు. పెట్టేది కూలి ఈగలేనని తేలింది. జతకట్టని ఆ ఈగల గుడ్లలోంచి పోతుటీగలే పుడతాయి.

1792లో హ్యూబర్ పుస్తకం వేశాడు. చూసింది బర్నెన్స్ కళ్లతోనని అందులో దాచకుండా రాశాడు. నాకు ఆ దొర మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఇప్పుడు నా సంగతి. నాలుగేళ్ల కింద పొద్దుతిరుగుడు నిండు పూత మీద ఉండగా, పొద్దున తొమ్మిదింటికి పురుగుమందు కొట్టించా. సాయంత్రానికి సాళ్లలో ఈగలు రాలి ఉన్నాయి. చూశా, కానీ పట్టించుకోలేదు. కోతకొచ్చాక చూస్తే పువ్వు నడిమధ్యన అంతా తాలు. విత్తనం మంచిది కాదని కొట్టాయనతో తగువు పెట్టుకున్నా. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. పొద్దుతిరుగుడు తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టదు, ఇంకో మొక్క పుప్పొడి ఈగ మోసుకురావాలి. పెద్దవాళ్లు పొద్దున్నే గుడ్డతో పువ్వులు రుద్దమనేది ఈగ చేసే పని కొంతైనా మన చేత్తో చేయడానికే.

కళ్లు లేనాయన అంత చూశాడు. రెండు కళ్లూ ఉన్న నేను కాళ్ల కింద రాలిన ఈగల్ని చూడలేకపోయా.

ఇప్పుడు పూత మీద మందు జోలికి పోను. తప్పదనుకుంటే ఈగలు గూటికి చేరాక, పొద్దు గూకే వేళ కొడుతున్నా. రేపు పొద్దున ఎనిమిదింటికి మీ పూత చేలో పది నిమిషాలు ఊరికే నిలబడండి. ఎన్ని ఈగలు కనపడ్డాయో నాకూ చెప్పండి.