వేలికొసల పట్టుదల
దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాగోల్ దాకా... ఆట, ర్యాంకు, వెండితెర మధ్య పెరిగిన బడిపిల్లల చరిత్ర

సాయంత్రం ఆరు దాటితే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, నాగోల్ బస్టాపులన్నీ పిల్లలతో నిండిపోతాయి. మెడలో ఐడీ కార్డు, వీపున మెటీరియల్‌తో బరువెక్కిన బ్యాగు, రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకున్న ఫోను. తెర మీద బొటనవేళ్లు చకచకా కదులుతుంటాయి. అటుగా వెళ్లే పెద్దలు ‘వీళ్లింక బాగుపడరు’ అని నిట్టూరుస్తారు. అదే పిల్లాడి ఫొటో రేపు ఏ ఫ్లెక్సీ మీదో ర్యాంకుతో సహా కనిపిస్తే ఆగి మరీ చూస్తారు. పిల్లాడు ఒక్కడే, పట్టుదలా ఒక్కటే. అది ఆటలో కనబడితే వ్యసనమంటున్నాం, ర్యాంకులో కనబడితే లక్ష్యమంటున్నాం. తూర్పు హైదరాబాద్ గత నలభై ఏళ్ల కథలో ఈ గీత ఎలా పడిందో చూస్తే, మన పిల్లల్ని మనం ఎంత సగంగా చూశామో అర్థమవుతుంది.

ర్యాంకుల పేట

దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు మలక్‌పేట దాటాక వచ్చే ఊరి శివారు. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే భూస్వామి పేరు మీదుగా ఈ పేరు వచ్చిందంటారు. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. విజయవాడ రహదారి మీదుగా నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సుల్లో వచ్చేవాళ్లకు నగరం ఎల్బీనగర్ దగ్గరే మొదలవుతుంది. ఊళ్ల నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలు దిగిన చోటికి దగ్గర్లోనే గదులు వెతుక్కున్నారు. గదుల వెంట హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు షాపులు వచ్చాయి. వాటి వెనకే కోచింగ్ సెంటర్లు బారులు తీరాయి.

దీనికి మూలం చట్టసభలోనూ ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. వృత్తివిద్యా కోర్సుల్లో సీటుకు డబ్బు సంచి కొలమానం కాకూడదు, ప్రవేశ పరీక్షలో తెచ్చుకున్న ర్యాంకే కొలమానం కావాలన్నది ఆశయం. ఎంసెట్ అలా మన ఇళ్లలోకి వచ్చింది. పేదింటి పిల్లాడికి అది నిజంగానే తలుపు తెరిచింది. తొంభైల చివర ఇబ్రహీంపట్నం వైపు, ఘట్‌కేసర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాక, ఆ రెండు దార్లకూ ముఖద్వారాలైన ఎల్బీనగర్, ఉప్పల్‌ల మధ్య ఉన్న ఈ ప్రాంతం విద్యార్థుల పేటగా స్థిరపడింది.

2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం, ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిశాయి. 2017 నవంబరులో నాగోల్ నుంచి, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి మెట్రో కదిలింది. పరీక్ష పేరు కూడా మారుతూ వచ్చింది. వైద్య విద్య నీట్‌కు వెళ్లిపోయింది, తెలంగాణ ఎంసెట్ 2024లో ఈఏపీసెట్ అయింది. ఇంట్లో అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: ‘ర్యాంకెంత?’

స్ట్రయికర్ నేర్పిన పాఠం

ఆ ప్రశ్న పుట్టకముందు నుంచీ ఈ కాలనీల పిల్లల వేళ్లకు వేరే చదువొకటి ఉండేది. ఎడమచేతి నడిమివేలిని విల్లులా వెనక్కి లాగి వదిలితే గోలీ వెళ్లి ఎదుటి గోలీని ఠపీమని కొట్టేది. వానాకాలంలో, ఎండాకాలం మధ్యాహ్నాల్లో వరండాల్లోకి క్యారమ్ బోర్డు వచ్చేది. బోరిక్ పౌడర్ చల్లి, అరచేత్తో రుద్ది, తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, నడుమ ఎర్రటి క్వీన్‌ను పేర్చేవారు.

క్యారమ్స్‌లో ఒక ముఖ్య నియమం: స్ట్రయికర్‌ను వేలితో కొట్టాలి, నెట్టకూడదు. వినడానికి చిన్న తేడా. ఆడేవాడికి ఆటంతా అందులోనే ఉంది. నెడితే వేలు స్ట్రయికర్‌తో పాటు కొంత దూరం ప్రయాణించి దారి సరిచేసుకుంటుంది. కొడితే ఆ అవకాశం లేదు. వేలు తాకిన ఆ ఒక్క క్షణంలోనే దిశ, వేగం రెండూ తేలిపోవాలి. స్ట్రయికర్ పదిహేను గ్రాములు మించదు. దానికి ఎంత దెబ్బ చాలో, ఎదుటి అంచుకు తగిలి ఏ కోణంలో తిరిగొస్తుందో పుస్తకంలో చదివితే రాదు. వేల దెబ్బలు కొట్టాక వేలికే తెలిసిపోతుంది. క్వీన్‌ను రంధ్రంలో వేసి, వెంటనే సొంత కాయతో కవర్ చేయాల్సి వచ్చినప్పుడు చెయ్యి వణకకుండా నిలిపేది ఆ సాధనే.

ఈ వరండా ఆటకు 1988లో చెన్నైలో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1991లో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్‌ను తమిళనాడుకు చెందిన మరియా ఇరుదయం గెలిచాడు. 1996కు అర్జున అవార్డూ అందుకున్నాడు. మన హైదరాబాద్ అమ్మాయి, ఎల్ఐసీ తరఫున ఆడే ఎస్. అపూర్వ 2016లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మహిళల సింగిల్స్ ప్రపంచ విజేత అయింది. ఆమె పేరు మన వీధుల్లో ఎంతమందికి తెలుసు? ఎంసెట్ టాపర్‌కు కట్టినంత పెద్ద ఫ్లెక్సీ ప్రపంచ విజేతకు ఎక్కడైనా కట్టామా?

మౌస్ మీదుగా ఫోను దాకా

1999 జూన్‌లో ఇద్దరు కుర్రాళ్లు కౌంటర్‌స్ట్రైక్ అనే ఆట తొలి రూపాన్ని విడుదల చేశారు. నాలుగైదేళ్లలో అది హైదరాబాద్ ఇంటర్నెట్ కేఫ్‌ల్లోకి వచ్చేసింది. కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపి, రెండు జట్లుగా చీలి, గంట లెక్కన డబ్బు కట్టి ఆడేవారు. కోచింగ్ సెంటర్లు ఎక్కడుంటే ఇలాంటి కేఫ్‌లూ అక్కడే పుట్టుకొచ్చాయి.

ఈ ఆటల్లో అందరూ ఆరాధించే విద్య ఫ్లిక్ షాట్. తెర మూలన ప్రత్యర్థి హఠాత్తుగా కనబడతాడు. గురిని నిదానంగా అతని మీదికి జరిపే వ్యవధి లేదు. మణికట్టును ఒక్క ఉదుటున తిప్పాలి, గురి సరిగ్గా తల మీద ఆగాలి, ఆగిన క్షణానే బటన్ నొక్కాలి. కంటికి కనబడిన దానికి చెయ్యి స్పందించడానికే మనిషికి సెకనులో నాలుగో వంతో ఐదో వంతో పడుతుంది. కాబట్టి బాగా ఆడేవాళ్లు మౌస్ వేగం సెట్టింగును ఒకసారి కుదుర్చుకున్నాక ఇక ముట్టుకోరు. చేతికి ఎంత కదిలితే తెర మీద ఎంత దూరమో అచ్చుపడిపోవాలి.

పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1954లోనే దీన్ని సూత్రంగా చెప్పాడు: లక్ష్యం ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే దాన్ని చేరడానికి అంత సమయం పడుతుంది. కంప్యూటర్ తెర మీది చుక్కకు గురి చేరడానికీ ఇదే లెక్క. సాధన ఆ సమయాన్ని కోస్తుంది. వరండాలో వేలికి దొరికిన శిక్షణే కేఫ్‌లో మణికట్టుకు దొరికింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవక చేసింది. 2018లో పబ్‌జీ మొబైల్ దిగింది. ఇప్పుడు ఫ్లిక్ బొటనవేలి పని. తెర మీద వేలిని చటుక్కున జారుస్తారు, కొందరు ఫోనునే కొద్దిగా వంచి గైరోతో గురి దిద్దుకుంటారు. ఏ గన్‌కు ఏ సెన్సిటివిటీ పెట్టాలన్నది ఇంటర్ పిల్లల మధ్య జరిగే గంభీరమైన చర్చ. కరోనా లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల పేరుతో తల్లిదండ్రులే ఫోను చేతికిచ్చారు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది. మరుసటి జులైలో అది బీజీఎంఐగా తిరిగొచ్చింది. 2022లో మళ్లీ పోయి, 2023లో మళ్లీ వచ్చింది.

నిద్ర మానేసి ఆడి పరీక్షలు పోగొట్టుకున్న పిల్లలున్నారు, పందేల యాప్‌లలో ఇంటి డబ్బు పోగొట్టిన వాళ్లున్నారు. ఆ బాధ నిజం. తక్కువ చేసి చూపకూడదు. అయితే 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఒక ముఖ్యమైన గీత గీసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలూ ఇచ్చారు. చట్టం చూడగలిగిన తేడాను ఇంట్లో మనం ఇంకా చూడలేకపోతున్నాం.

తెర మీద ఎవరి కల?

పిల్లల పట్టుదలను సగంగా చూడటం వెండితెర మీదా ఉంది. కౌంటర్‌స్ట్రైక్ వచ్చిన 1999లోనే అమెరికాలో ‘ఎలక్షన్’ అనే సినిమా వచ్చింది. అలెగ్జాండర్ పేన్ దర్శకుడు. ట్రేసీ ఫ్లిక్ అనే హైస్కూలు అమ్మాయి విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేస్తుంది. రీస్ విథర్‌స్పూన్ ఆ పాత్ర వేసింది. ఆమె అందరికంటే ముందే చెయ్యెత్తుతుంది, అందరికంటే ఎక్కువ కష్టపడుతుంది. ఆ దూకుడు చూసి కంటగింపైన మాస్టారు ఆమెను ఓడించడానికి రెండు ఓట్లను చెత్తబుట్టలో పారేస్తాడు. అప్పట్లో చాలామంది ప్రేక్షకులు ఆ అమ్మాయిని చూసి నవ్వారు. ఏళ్లు గడిచాక, తప్పు చేసింది మాస్టారైతే మనం పిల్లను వెక్కిరించామేమిటన్న చర్చ మొదలైంది. మూల నవల రాసిన టామ్ పెరోటా 2022లో నడివయసు ట్రేసీ మీద మరో నవల రాశాడు.

తెలుగు తెర మీద బడిపిల్లలకూ ఇంటర్ పిల్లలకూ కొదవ లేదు. తేజ ‘చిత్రం’ 2000లో, శ్రీకాంత్ అడ్డాల ‘కొత్త బంగారు లోకం’ 2008లో ఆ వయసునే కథావస్తువు చేసుకున్నాయి. ప్రేమ ఉంది, తొందరపాటు ఉంది, దాని మూల్యమూ ఉంది. తనకంటూ ఒక లక్ష్యం పెట్టుకుని దాని వెంటపడే పిల్ల మాత్రం అరుదు.

2019లో వచ్చిన ‘కౌసల్య కృష్ణమూర్తి’ దగ్గరగా వచ్చింది. పల్లెటూరి రైతు కూతురు దేశం తరఫున క్రికెట్ ఆడాలనుకుంటుంది. కానీ ఆ కల ఎక్కడ పుట్టింది? భారత జట్టు ఓడినప్పుడు నాన్న కంట నీరు చూసి పుట్టింది. తెలుగింటి కథకు అది ఎంత సహజమో, అంత ఆలోచించాల్సిన సంగతి కూడా. మన సినిమాలో పిల్లల ఆశయానికి పెద్దల కన్నీరో, పెద్దల పరువో పూచీ పడాలి. ఆదిత్య హాసన్ ‘90స్’ సిరీస్ 2024లో దీన్నే ప్రేమగా, నిజాయతీగా చూపింది. సర్కారు బడిలో లెక్కలు చెప్పే తండ్రి జీతంలో పెద్ద వాటా ప్రైవేటు స్కూలు ఫీజులకే పోస్తాడు, ర్యాంకు ఆయన కల. అదే ఏడాది ‘35 చిన్న కథ కాదు’లో పది తప్పిన తల్లి, కొడుకు కోసం తానే లెక్కలు నేర్చుకుంటుంది. 2025 నాటి ‘లిటిల్ హార్ట్స్’ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చిక్కిన పిల్లల మీద అల్లిన హాస్యం. దిల్‌సుఖ్‌నగర్ కుర్రకారుకు ఆ తరగతి గది తమదే అనిపించి ఉంటుంది. వీటిలో అమ్మానాన్నలను అద్భుతంగా గీశారు. పిల్లలు ఏం కావాలనుకుంటున్నారన్న ప్రశ్న వెనక వరసలోనే కూర్చుంది.

పూర్ణ ఎక్కిన దారి

సినిమాలో అరుదైన అలాంటి పిల్ల కథ మనకు దగ్గర్లోనే ఉంది. నాగోల్ పక్కనున్న ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే భువనగిరి గుట్ట వస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊళ్లో, గిరిజన కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ బండ ఎక్కడం మొదట నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునే పిల్ల. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఆమెతో పాటే ఎక్కాడు. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ పూర్తిచేసింది.

ఆమె కథను 2017లో రాహుల్ బోస్ ‘పూర్ణ’ పేరుతో హిందీలో సినిమా తీశాడు. మన గురుకులం, మన గుట్ట, మన బిడ్డ. తీసింది బొంబాయి. పూర్ణను ఆ దారి పట్టించింది కూడా వేళ్లే. రాతి పగుల్లో వేలికొస ఎక్కడ పట్టుకుంటుందో, ఎప్పుడు వదలాలో నేర్చుకున్న వేళ్లు. ఆ సాధన ఏ మార్కుల జాబితాలోనూ కనబడదు. గురుకులంలో ఎవరో ఒకరు దాన్ని గుర్తించి, తాడు చేతికిచ్చారు కాబట్టి ప్రపంచానికి కనబడింది.

ఆ గుర్తింపు నాగోల్‌లో, ఎల్బీనగర్‌లో ఏ ఇంట్లోనైనా సాధ్యమే. ఫోనులో పిల్లలు ఏం ఆడుతున్నారో పక్కన కూర్చుని చూడాలి. పందెమైతే అక్కడికక్కడే ఆపాలి. సాధనైతే వేళ పెట్టాలి, పోటీ ఎక్కడుందో కనుక్కోవాలి. జూనియర్ కాలేజీలు ప్రతి క్యాంపస్‌లో రెండు క్యారమ్ బోర్డులు వేయాలి. మన దర్శకులు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలోని ఒక అమ్మాయిని ఎంచుకుని, నాన్న కోసం కాక తనకోసం గెలవాలనుకునే కథ రాయాలి. ర్యాంకు ఈ పేటకు అన్నం పెట్టింది, ఆ గౌరవం దానికుంది. కానీ పదహారేళ్ల మనిషిని ‘ర్యాంకెంత?’ అని అడిగే ముందు ‘నీకు ఏం కావాలి?’ అని అడగడం పెద్దల బాధ్యత. నలభై ఏళ్లుగా ఆ ప్రశ్న వాయిదా వేస్తూ వచ్చాం.