తీర్మానాల పుస్తకం

పంచాయతీ చరిత్ర రాయమంటే మన దగ్గర ముందుగా సర్పంచుల పేర్లు అడుగుతారు. ఆఫీసు గోడ మీద రంగుతో రాసే ఉంటాయి కనుక అది సులువే. బీరువాలోని తీర్మానాల పుస్తకం తీసేవాళ్ళు తక్కువ. ఏ వాడకు బోరు వేయాలన్నారు, ఇంటి పన్ను ఎంత పెంచారు, ఎవరు సంతకం చేశారు, ఎవరు వేలిముద్ర వేశారు, అన్నీ అందులోనే ఉంటాయి. ములుగు పల్లెల్లో పంచాయతీ కథంటే ఆ పుస్తకంలో సంతకం పెట్టే హక్కు ఎవరెవరికి దక్కిందన్న కథే.

మొదట ఊరి కాగితమంతా పటేలు, పట్వారీలదే. భూమి లెక్క పట్వారీ దగ్గర, శిస్తు వసూలు మాలిపటేలు దగ్గర, తగాదాలు పోలీసు పటేలు దగ్గర. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. సర్పంచి, సమితి అన్న మాటలు ఊళ్ళకు చేరాయి గానీ దస్త్రం చేతులు మారలేదు. చాలాచోట్ల కొత్త కుర్చీలో కూర్చున్నదీ పాత పెద్దలే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేలు, పట్వారీ వ్యవస్థను ఎత్తేశాకే ఆ పట్టు సడలింది.

73వ రాజ్యాంగ సవరణ, దాని వెంట 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఐదేళ్ళకోసారి ఎన్నిక, రిజర్వేషన్లు తప్పనిసరయ్యాయి. మహిళలకు కేటాయించిన చోట భార్య సర్పంచి అయితే భర్త పెత్తనం చేసిన ఊళ్ళూ ఉన్నాయి. ఆ సంగతి దాస్తే లాభం లేదు.

మన జిల్లాకు అసలు మలుపు ఆదివాసీ షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం. ఏటూరునాగారం, తాడ్వాయి, వాజేడు, వెంకటాపురం వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచి గిరిజనులే కావాలి. అంతకన్నా పెద్ద సంగతి, గ్రామసభకు వచ్చిన బలం. సర్పంచి ఒప్పుకుంటే సరిపోదు, గూడెం కూర్చోవాలి. గోదావరి ఇసుక గిరిజన సొసైటీకి దక్కాలన్నా ఆ సభ తీర్మానం కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాకు దరఖాస్తు మొదలయ్యేదీ గ్రామసభలోనే. ఉమ్మడి రాష్ట్రంలో పెసా నియమాలు వచ్చేసరికి 2011 అయింది, చట్టానికి పదిహేనేళ్ళ తర్వాత! ఈలోగా రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకుని సభ జరిగినట్టు రాయడం కొందరికి అలవాటైంది. నన్నడిగితే పంచాయతీకి నిధుల కొరత కన్నా ఆ అలవాటే ఎక్కువ చేటు చేసింది.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం గూడేలకు, తండాలకు సొంత పంచాయతీలిచ్చింది. ప్రతి పంచాయతీకి కార్యదర్శి, తర్వాత పల్లె ప్రగతి కార్యక్రమంలో ట్రాక్టరు, నర్సరీ, వైకుంఠధామం వచ్చాయి. చెక్కు మీద సర్పంచి, ఉప సర్పంచి ఇద్దరూ సంతకం పెట్టాలన్నారు. ఇద్దరికీ పొత్తు కుదరని ఊళ్ళో పంచాయతీ కారోబారు తిరిగిన తిరుగుడు ఆయన్నే అడగాలి.

ఎన్నికే లేని పంచాయతీ ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, మన జిల్లాలోనే మంగపేట మండలం ఉంది. అక్కడి 23 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి వస్తాయా రావా అన్న వివాదం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. 2019లో రాష్ట్రమంతా సర్పంచుల్ని ఎన్నుకుంటుంటే ఆ మండలం ఊరుకుండిపోయింది. అవి షెడ్యూల్డ్ గ్రామాలేనని 2023 జూలైలో హైకోర్టు తీర్పిచ్చింది, వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. మోరీ పూడినా, నల్లా రాకున్నా సర్పంచికి బదులు పెట్టిన ప్రత్యేకాధికారి వచ్చేదాకా ఆగాలి. ఆయనకేమో సొంత శాఖ పని వేరే ఉంటుంది. ఓటేసి గెలిపించిన మనిషైతే పొద్దున్నే ఇంటి ముందుకెళ్ళి అడగొచ్చు, తిట్టొచ్చు కూడా.